పస్కా భోజనానికి హరోసెత్: 30 మందికి కొలతలు, నీరు వదలకుండా చేయడం ఎలా?

సుధ_ఎడిసన్
అందరికీ నమస్కారం. ఒక యూదు కుటుంబం ఇంట్లో పస్కా మొదటి రాత్రి చేసే సేదర్ అనే పండుగ భోజనానికి 30 మందికి హరోసెత్ (పండ్లు, నట్స్, వైన్ కలిపిన ముద్ద) కావాలి. యాపిల్‌తో ఒకటి, ఖర్జూరంతో ఒకటి. భోజనం చివర్లో పెట్టడానికి ఎండు పండ్లతో ఒకటి, బాదంతో ఒకటి కూడా. ఎక్కడ వెతికినా "నాలుగు యాపిల్స్, ఒక కప్పు వాల్‌నట్స్" దగ్గరే ఆగిపోతున్నారు. యాపిల్ ఎంత సైజో చెప్పరు, ఎన్ని గంటల ముందు చేయాలో చెప్పరు. నమూనాకి చేసిన యాపిల్ హరోసెత్ మూడు గంటల్లో గిన్నె అడుగున నీళ్ళు వదిలింది. రంగు బూడిదలా మారింది. వాల్‌నట్స్ నాని మెత్తబడ్డాయి. గ్రాముల్లో కొలతలు, ఏది ఎప్పుడు కలపాలో వరస తెలిసినవాళ్ళు చెప్పండి. నట్స్ నెయ్యిలో వేయించి వేస్తే రుచి పెరుగుతుందా?

రమత్‌గన్_లక్ష్మి
సుధ గారూ, నెయ్యి ఆలోచన ఇక్కడితో ఆపేయండి. సేదర్ భోజనంలో మామూలుగా మాంసం ఉంటుంది. కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించేవాళ్ళు మాంసమూ పాల పదార్థాలూ ఒకే భోజనంలో తినరు. నెయ్యి, వెన్న, పాలపొడి, కోవా ఏవీ హరోసెత్‌లోకి గానీ చివరి తీపిలోకి గానీ రాకూడదు. నట్స్‌ని పొడి మూకుడులోనో అవెన్‌లోనో వేయించండి. నూనె కూడా అక్కర్లేదు.

కొలతల కంటే ముందు ఆ ఇంటావిడని మూడు సంగతులు అడగండి.

మొదటిది, కోషర్ ఎంత గట్టిగా పాటిస్తారు అని. గట్టిగా పాటించే ఇల్లయితే మీ వంటింట్లో, మీ మిక్సీలో చేసింది వాళ్ళు తినలేరు. పస్కాకి గిన్నెలు, కత్తులు, తరిగే చెక్క అన్నీ వేరుగా తీస్తారు. వాళ్ళింటికే వెళ్ళి వాళ్ళ సామానుతో చేయాలి. ఇది తెలియక చేసి పట్టుకెళ్తే మీరూ నొచ్చుకుంటారు, వాళ్ళూ ఇబ్బంది పడతారు.

రెండోది వైన్. సీసా మీద పస్కాకి కోషర్ అని ఉండాలి. "మెవుషల్" అని కూడా ఉంటే, అంటే కాచిన వైన్ అయితే, యూదులు కానివాళ్ళు పోసినా ఫరవాలేదు. ఆ మాట లేకపోతే సీసా తెరవడం, పోయడం ఇంటివాళ్ళ చేతే చేయించండి. ద్రాక్షరసానికీ ఇదే పద్ధతి.

మూడోది కిత్నియోత్. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ 5 ధాన్యాలతో పులిసినవి పస్కాలో ఎవరూ తినరు. బియ్యం, పప్పులు, మొక్కజొన్న, నువ్వులు, ఆవాలు లాంటివాటిని కిత్నియోత్ అంటారు, మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు వీటిని కూడా మానేస్తారు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీ యూదుల్లో చాలామంది తింటారు. అమెరికాలో యూదుల కన్సర్వేటివ్ శాఖ 2015లో వీటిని అనుమతించింది. అయినా ఇంటి ఆచారం ఇంటిదే, అడగందే తెలియదు.

మన చేతి అలవాటు వల్ల జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వాల్‌నట్స్ చాలకపోతే పల్లీలు కలపడం ఒకటి. పల్లీలని చాలా అష్కెనాజీ ఇళ్ళలో కిత్నియోత్ లెక్కలో వేస్తారు. పైన నువ్వులు చల్లడం ఇంకొకటి. కొనే ఐసింగ్ షుగర్‌లో మొక్కజొన్న పిండి ఉంటుంది. మాల్ట్ వెనిగర్ బార్లీతో చేసింది, ఇంట్లోకే రాకూడదు. తరిగి అమ్మే ఖర్జూరం ముక్కలు అంటుకోకుండా తరచు ఓట్స్ పిండిలో పొర్లిస్తారు. ఖర్జూరం ఎప్పుడూ నిండు పండే కొనండి. తీపి కాకపోయినా ఇదీ చెప్పాలి: డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది, ఆ రోజు దాన్ని ఏ కూరలోనూ వేయొద్దు.

రోలు_పొత్రం
లక్ష్మి గారు చెప్పినవన్నీ ముందు సరిచూసుకోండి. ఇక నీళ్ళ సంగతి.

హరోసెత్‌ని ఫ్రూట్ సలాడ్‌లా చూస్తున్నంత కాలం అది నీరు వదులుతూనే ఉంటుంది. అది అడుసు. మట్టికి, కుండపెంకుకి హీబ్రూలో ఉన్న "హెరెస్" అన్న మాట నుంచే ఈ పేరు వచ్చిందంటారు. ఐగుప్తులో ఇటుకల పనిలో తొక్కిన జిగటమన్నుకి ఇది గుర్తు. యూదుల ధర్మ చర్చల గ్రంథం తాల్ముద్‌లో, పెసహీమ్ అనే భాగం 116వ పత్రంలో దీని మీద చర్చ ఉంది. రబ్బీ (యూదు మతగురువు) లేవీ ఇది యాపిల్ చెట్టుకి గుర్తు అంటాడు. రబ్బీ యోహనాన్ అడుసుకి గుర్తు అంటాడు. అబయే రెండూ కలిపి, యాపిల్ కోసం పుల్లగా ఉండాలి, అడుసు కోసం చిక్కగా ఉండాలి అని తేలుస్తాడు. పులుపు, చిక్కదనం, అక్కడ అడిగినవి ఈ రెండే. తీపి పండ్ల నుంచి దానంతటదే వస్తుంది.

16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉన్న రబ్బీ మోషే ఇస్సర్లెస్ ఇంకో మెట్టు ముందుకెళ్ళి పద్ధతే చెప్పాడు. ముందు చిక్కగా చేయాలి. గడ్డిపరకల్లా కనిపించేలా దాల్చినచెక్క, అల్లం కలపాలి. రక్తానికి గుర్తుగా కాస్త ఎర్ర వైన్ తర్వాత పోయాలి. మీ మూడు ఇబ్బందులకీ మందు ఆ వరసలోనే ఉంది: గట్టిగా చేసి పెట్టుకుని, ముంచే ముందు వైన్‌తో సడలించాలి.

నీరు ఎందుకు వదిలిందంటే, తరిగిన యాపిల్ మీద తేనె, పంచదార, ఉప్పు ఏది పడినా ముక్కలోని రసాన్ని బయటికి లాగుతుంది. ఆవకాయ ముక్క ఉప్పులో ఊట ఊరినట్టే. మీరు తేనె, వైన్ మొదట్లోనే కలిపి ఉంటారు. రంగు మారడానికి రెండు కారణాలు. కోసిన యాపిల్‌కి గాలి తగిలితే గోధుమరంగు తిరుగుతుంది. ఎర్ర వైన్‌లోని రంగు పులుపు ఉన్నచోట ఎర్రగా నిలుస్తుంది, పులుపు తగ్గితే నీలి బూడిదలోకి పోతుంది. నిమ్మరసం రెండింటినీ ఆపుతుంది.

30 మందికి రెండు రకాలూ కలిపి మనిషికి 60 గ్రాములు వేసుకోండి. అంటే ఒక్కో రకం 900 గ్రాములు. చేదుకూర ముంచడానికీ, మాట్సా (పొంగని రొట్టె) మధ్యలో పెట్టడానికీ 30 గ్రాములు సరిపోతుంది. మిగతాది మళ్ళీ అడిగేవాళ్ళకి.

యాపిల్ రకానికి:
యాపిల్స్ 800 గ్రాములు (మధ్యస్థం 5). తొక్క, నడిమి బొడిప తీస్తే 640 గ్రాములు మిగులుతుంది. 3 పుల్లటి గ్రానీ స్మిత్, 2 తీపి ఫుజీ లేదా హనీక్రిస్ప్.
వాల్‌నట్స్ 190 గ్రాములు
నిమ్మరసం 20 మి.లీ.
దాల్చినచెక్క పొడి చదునుగా 1 టీస్పూను
సన్నగా తురిమిన పచ్చి అల్లం 5 గ్రాములు
తీపి ఎర్ర వైన్ 60 నుంచి 75 మి.లీ.
తేనె 25 గ్రాములు, అది కూడా రుచి చూశాకే

ముందురోజు: వాల్‌నట్స్ 165 డిగ్రీల (సెల్సియస్) అవెన్‌లో 8 నుంచి 10 నిమిషాలు. వాసన రాగానే ఒకటి విరిచి చూడండి. లోపల లేత గోధుమరంగు వస్తే చాలు. బయట రంగు కోసం ఆగితే మాడు చేదు వస్తుంది. వేడి మీదే గుడ్డలో వేసి నలిపితే పొట్టు చాలావరకు ఊడిపోతుంది, దాని వగరూ పోతుంది. చల్లారాక సగం రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మిగతా సగం పొడికి దగ్గరగా. రెండూ వేరు వేరు డబ్బాల్లో గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆ రోజు, భోజనానికి 4 గంటల ముందు: యాపిల్‌ని 4 మి.మీ. ముక్కలుగా కత్తితో తరగండి. ఒక్కో యాపిల్ తరగ్గానే నిమ్మరసంలో కలుపుతూ పోండి, అన్నీ అయ్యేదాకా ఆగొద్దు. జల్లెడలో 15 నిమిషాలు వదిలేయండి. కారిన రసం పారబోయకుండా చిన్న గిన్నెలో రెండు చెంచాలకి దిగేదాకా మరిగించి పెట్టుకోండి. అందులో యాపిల్ వాసనంతా ఉంటుంది. ఇప్పుడు ముక్కల్లో పొడిగా దంచిన వాల్‌నట్స్, దాల్చినచెక్క, అల్లం కలపండి. ఆ పొడి ఇక ముందు ఊరే రసాన్ని పీల్చుకుంటుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

భోజనానికి అరగంట ముందు: మరిగించిన రసం, వైన్, కచ్చాపచ్చా వాల్‌నట్స్ కలపండి. రుచి చూసి తేనె. గరిటెతో ఎత్తితే ముద్దగా నిలవాలి, గరిటె వంచితే మెల్లగా జారాలి. పూర్ణం కంటే ఒక పిసరు పలచన, అంతే.

సుధ_ఎడిసన్
పొత్రం గారూ, సగం నట్స్ పొడి చేయడం నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. కత్తితో తరగాల్సిందేనా? రెట్టింపు చేయాల్సి వస్తే 1.3 కిలోల యాపిల్. మిక్సీ పనికిరాదా?

రోలు_పొత్రం
మిక్సీ బ్లేడు అడుగున తిరుగుతుంది. కింద గుజ్జు, పైన పెద్ద ముక్కలు. పైవి తెగేలోపు కిందిది నీరైపోతుంది. తప్పనిసరైతే ఒక్కసారికి 150 గ్రాములకి మించకుండా, ఒక సెకను చొప్పున 4, 5 సార్లు ఆపి ఆపి తిప్పండి. ప్రతిసారీ జార్ కుదపండి. వాల్‌నట్స్‌కీ ఇదే. వేడి మీద తిప్పితే నూనె వదిలి ముద్ద కడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పప్పే తిప్పాలి. ముద్ద కట్టిన పప్పు రసాన్ని పీల్చదు, మనం దాన్ని వేసిందే అందుకు.

రమత్‌గన్_లక్ష్మి
ఇక్కడ నేను వేరేలా చెప్తాను. ఇక్కడి అష్కెనాజీ ఇళ్ళలో చాలామంది పెద్ద రంధ్రాల తురుముపీట మీదే తురుముతారు. తురుమితే నీరు ఎక్కువే వస్తుంది, కానీ చేత్తో పిండేయవచ్చు. అడుసు తీరు కూడా తురుముకే దగ్గరగా ఉంటుంది. చేదుకూరకి పట్టుకోవడంలో తురుము మేలు: చేదుకూరగా వాడే రోమైన్ లెట్యూస్ ఆకు ముంచి దులిపితే ముక్కలు రాలిపోతాయి, తురుము పలచటి పూతలా ఆకు మీద నిలుస్తుంది. సేదర్‌లో చేదుకూరని హరోసెత్‌లో ముంచి దులిపాకే తింటారు, చేదు పూర్తిగా కప్పబడకూడదని.

రోలు_పొత్రం
దులిపే మాట నిజం, ఒప్పుకుంటాను. అయితే ఇలా చేయండి: 640 గ్రాముల్లో 200 గ్రాములు తురిమి పిండి కలపండి, మిగతాది ముక్కలు. ఆకుకి పూత, నోటికి కరకర రెండూ వస్తాయి.

బేగంబజార్_మేవా
ఖర్జూరం సంగతి నేను చెప్తాను. ఇరాకీ యూదులు హరోసెత్‌ని ముద్దగా చేయరు. ఖర్జూరం పాకం పోసి, దాని మీద వాల్‌నట్స్ వేస్తారు. ఆ పాకాన్ని వాళ్ళు హలేక్ అంటారు, ఇజ్రాయెల్ అంగళ్ళలో సిలాన్ పేరుతో దొరుకుతుంది. కొచ్చిన్ యూదులదీ ఖర్జూర పాకం పద్ధతే. కొనే సీసాల్లో కొన్నిటికి పంచదార పాకం కలిపి ఉంటుంది. పదార్థాల్లో ఖర్జూరం ఒక్కటే ఉన్నది చూసి తీసుకోండి. ఇంట్లో చేస్తే ఇలా.

గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 1 కిలో, నీళ్ళు 2 లీటర్లు. పాకానికి మెజూల్ లాంటి ఖరీదైన పండు వేయడం దండగ. ఇరాన్ నుంచి డబ్బాల్లో వచ్చే నల్లటి మజాఫతీ అయితే రంగు చిక్కగా, పాకం మృదువుగా వస్తుంది. గట్టి ఎండు ఖర్జూరం మాత్రం వద్దు, పీచు ఎక్కువ. ప్రతి పండూ నిలువుగా చీల్చి లోపల వెలుతురులో చూడండి. పురుగు, దాని పొడి ఉంటే ఆ పండు పనికిరాదు. కోషర్ ఇంట్లో ఇది తప్పనిసరి. అంజీర అయితే లోపలి వైపు బయటికి తిప్పి మరీ చూడాలి.

చిన్న మంట మీద 45 నిమిషాలు ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, ఉతికిన మల్లుగుడ్డలో వేసి పిండండి. గుడ్డలో మిగిలిన పిప్పి మీద మరో 500 మి.లీ. వేడినీళ్ళు పోసి మళ్ళీ పిండండి. తీపిలో మంచి భాగం రెండో పిండుడులోనే వస్తుంది, చాలామంది దీన్నే వదిలేస్తారు. రెండు రసాలూ కలిపి ఒక గంట కదపకుండా ఉంచితే అడుగున మడ్డి చేరుతుంది. పై తేట మాత్రం వంచుకోండి. మడ్డితో పొయ్యి మీద పెడితే అడుగంటి చేదు వాసన వస్తుంది. దాన్ని ఏ తీపీ సరిచేయలేదు.

వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో, మొదట పెద్ద మంట, సగానికి దిగాక చిన్న మంట. నురుగు తీస్తూ ఉండాలి. గంట, గంటంబావు పడుతుంది. లేతపాకం దాటి తీగ రాబోయే ముందు దింపేయాలి. చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో గీత గీస్తే, గీత రెండు సెకన్లు నిలిచి తర్వాత మెల్లగా మూసుకోవాలి. వేడి మీద పలచగా కనిపిస్తుంది, చల్లారితే తేనెలా చిక్కబడుతుంది. తీగపాకం దాకా ఉంచితే చల్లారాక కారమెల్‌లా సాగుతుంది, మాట్సా మీద పోస్తే మాట్సాయే విరుగుతుంది. పొరపాటున అలా అయితే రెండు చెంచాల వేడినీళ్ళు కలిపి ఒక పొంగు రానివ్వండి, తిరిగి దారికి వస్తుంది.

దాదాపు 450 నుంచి 500 మి.లీ. వస్తుంది. 30 మందికి 400 మి.లీ. పాకానికి 250 గ్రాముల వాల్‌నట్స్ పెట్టుకోండి. నిమ్మరసం 15 మి.లీ. తప్పకుండా కలపాలి, లేకపోతే పులుపు లేని ఒట్టి తీపే. వాల్‌నట్స్ బల్ల మీద పెట్టే నిమిషంలోనే వేయాలి. పాకం 10 రోజుల ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

సుధ_ఎడిసన్
పాకం వారం ముందే చేసుకోవచ్చంటే సగం బరువు దిగినట్టే. కానీ ఆ ఇంటి పెద్దావిడ టర్కీ వైపు వాళ్ళు. ముద్దగా ఉండే ఖర్జూరం రకం కావాలేమో. అదెలా?

రమత్‌గన్_లక్ష్మి
అలా అయితే పాకం వదిలేసి ముద్దే చేయండి. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ రాసిన పద్ధతీ ముద్దే: ఖర్జూరమో ఎండు అంజీరో ఎండుద్రాక్షో తొక్కి, వెనిగర్ పోసి, అడుసులో గడ్డి కలిపినట్టు మసాలా కలపమన్నాడు.

గింజ తీసిన ఖర్జూరం 450 గ్రాములు, ఎండుద్రాక్ష 120 గ్రాములు, తొక్కతీసిన ఒక యాపిల్ ముక్కలు, నీళ్ళు 250 మి.లీ. టర్కీ వైపు నారింజ కూడా వేస్తారు. ఒక నారింజ రసం, సగం తొక్క తురుము. తెల్ల పొర వస్తే చేదు, పై రంగు వరకే తురమండి. మూతపెట్టి చిన్న మంట మీద 20 నిమిషాలు. నీరు ఇంకాక వేడి మీదే పప్పుగుత్తితో మెదపండి. చల్లారితే ఖర్జూరం బిగుసుకుంటుంది, మెదగదు. దాల్చినచెక్క 1 టీస్పూను. చల్లారాక దంచిన వాల్‌నట్స్ 120 గ్రాములు, వైన్ 50 మి.లీ., ద్రాక్ష వెనిగర్ 10 మి.లీ. మొత్తం 900 గ్రాముల పైనే వస్తుంది. వెనిగర్ మీద కూడా పస్కా ముద్ర ఉండాలి.

ఇది రెండు రోజులు ముందు చేస్తేనే బాగుంటుంది, మసాలా పండులోకి ఇంకుతుంది. చల్లారాక గట్టిపడి గరిటె నిలబడితే భయపడకండి. వడ్డించే ముందు వైన్‌తో సడలించాలి, నీళ్ళతో కాదు.

ఇరాన్ యూదుల హలేగ్‌లో బాదం, పిస్తా, వాల్‌నట్స్, హేజెల్‌నట్స్, ఖర్జూరం, ఎండుద్రాక్ష, యాపిల్, పియర్, ఏలకులు, దానిమ్మ రసం, అన్నీ పడతాయి. యెమెన్ వాళ్ళది మిరియాలు, జీలకర్ర, ధనియాలు, శొంఠి కలిసిన ఘాటు రకం. ఈసారికి వాటి జోలికి పోవద్దు, రెండు చాలు.

తెనాలి_శారద
తెలుగు చదువరులకి పనికొచ్చే ఒక మాట. పరమగీతంలో "తప్పూఅహ్" అన్న హీబ్రూ పండుని మనం యాపిల్ అనుకుంటున్నాం. తెలుగు బైబిలులో అక్కడ ఉన్నది యాపిల్ కాదు, జల్దరు. జల్దరు అంటే ఆప్రికాట్, హైదరాబాదులో ఖుబానీ. ఆ చెట్టు నిజంగా ఆప్రికాటే కావచ్చన్న పండితులూ ఉన్నారు. కాబట్టి యాపిల్ హరోసెత్‌లో నాలుగైదు ఎండు జల్దరు పండ్లు సన్నగా తరిగి వేస్తే తప్పేమీ లేదు, పులుపు కూడా కలుస్తుంది. మాట్సాని మన బైబిలు పొంగని రొట్టె అంటుంది, మారోర్‌ని చేదుకూరలు అంటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనే ఎఫ్రాయిమ్ వాళ్ళది ఇంటి భాష తెలుగే. ఈ మాటలు మనకి పరాయివేమీ కావు.

బేగంబజార్_మేవా
శారద గారూ, మంచి మాట పట్టుకున్నారు. నాలుగైదు అంటే 40 గ్రాములు. నానబెట్టకుండా వేస్తే యాపిల్ రసాన్ని అవే పీల్చుకుంటాయి, సుధ గారి నీళ్ళ బాధకి అదొక సాయం. అయితే నారింజరంగు టర్కీ ఆప్రికాట్ తీసుకోండి. గింజతో ఉండే మన ఖుబానీ చాలా తీపి, పులుపు తక్కువ. అది ఎండు పండ్ల కంపోట్‌కి, అంటే నీళ్ళలో ఉడికించిన పండ్ల తీపికి, బాగుంటుంది.

కంపోట్ కొలత 30 మందికి: ఆప్రికాట్ 500 గ్రాములు, ప్రూన్స్ (ఎండు ప్లమ్ పండ్లు) 500, ఎండుద్రాక్ష 200, నీళ్ళు రెండున్నర లీటర్లు, దాల్చినచెక్క రెండు ముక్కలు, నిమ్మతొక్క రెండు పట్టీలు, పంచదార 150 గ్రాములు. ఆప్రికాట్ రెండు గంటలు నానబెట్టి అదే నీళ్ళలో 15 నిమిషాలు చిన్న మంట మీద. తర్వాత ఎండుద్రాక్ష, 5 నిమిషాలు. ప్రూన్స్ ఆఖరి 10 నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే పగిలి నీరంతా నల్లబడుతుంది. పంచదార చివర్లో. మొదట్లో వేస్తే పండు మెత్తబడడానికి మొరాయిస్తుంది. గింజ ఉన్న ఖుబానీ వాడితే రాత్రంతా నానబెట్టి గింజ తీయండి. గింజ పగలగొట్టి పప్పు రుచి చూడండి. తియ్యగా ఉంటే పైన చల్లుకోవచ్చు, చేదుగా ఉంటే పారేయాలి. చేదు పప్పులో విషపదార్థం ఉంటుంది.

వంట_లెక్కలు
బాదం బిస్కెట్లకి నా వంతు. బాదం పొడి 500 గ్రాములు, పంచదార 300, గుడ్డు తెల్లసొన 140 గ్రాములు (పెద్ద గుడ్లు 4), నారింజ తొక్క తురుము, చిటికెడు ఉప్పు. ఐసింగ్ షుగర్ కొనకుండా మామూలు పంచదార మిక్సీలో పొడి చేసుకోండి. తెల్లసొన నురగ గిలక్కొట్టక్కర్లేదు, కలిపితే చాలు. 20 గ్రాముల ఉండలు, చేతులు తడి చేసుకుని చుట్టండి. 170 డిగ్రీల్లో 14 నుంచి 16 నిమిషాలు. 45 దాకా వస్తాయి. అట్టులా పరుచుకున్నాయంటే తెల్లసొన ఎక్కువైనట్టు, 20 గ్రాములు తగ్గించండి. అడుగు రంగు రాగానే తీయాలి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారితే పైన గట్టిపడతాయి. మెత్తగా ఉన్నాయని మళ్ళీ లోపల పెడితే రాయే. ఎర్రటి పొట్టుతో పొడి చేస్తే రంగు ముదురుతుంది, వగరుగా ఉంటాయి. బాదం నానబెట్టి పొట్టు తీసినా, తడి పూర్తిగా ఆరాకే పొడి చేయాలి.

సుధ_ఎడిసన్
ఒక సందేహం మిగిలింది. ఇంకోసారి 200 గ్రాముల యాపిల్‌తో చేసి చూస్తే నీళ్ళు రాలేదు, రంగు కూడా నిలిచింది. కానీ రెండు గంటల తర్వాత గరిటె ఎత్తితే బెండకాయ జిగురులా తీగ సాగుతోంది. ఎందుకు? ఇంకొకటి, అక్కడ ఒక పిల్లవాడికి నట్స్ పడవు.

రోలు_పొత్రం
ఆ జిగురు దాల్చినచెక్క పొడిది. మనకి బజార్లో దొరికేది ఎక్కువగా కాసియా, మందంగా ఉండే బెరడు. దాని పొడి తడిలో నానితే జిగురు వదులుతుంది. కాసియా అయితే ఆ పొడిని సగానికి తగ్గించి, చివరి అరగంటలో వైన్‌తోపాటు కలపండి. వాసన నిండుగా కావాలంటే ఒక ముక్క చెక్కని ఆ మరిగించే యాపిల్ రసంలో వేసి తీసేయండి. పలచటి పొరలు చుట్టలు చుట్టిన సిలోన్ చెక్క దొరికితే పొడి కొట్టకుండా చిన్న పీచుల్లా విరిచి కలపండి. మెత్తటి చెక్క కాబట్టి పంటికి అడ్డురాదు, ఇస్సర్లెస్ చెప్పిన గడ్డిపరకలూ కనిపిస్తాయి.

రమత్‌గన్_లక్ష్మి
నట్స్ పడని పిల్లవాడికి 60 గ్రాములు వేరుగా, మిగతావి మొదలుపెట్టకముందే, కడిగిన కత్తి, కడిగిన తరిగే చెక్కతో చేయండి. రసం పీల్చడానికి వాల్‌నట్స్ బదులు వేయించిన కొబ్బరి పొడి 10 గ్రాములు, కొబ్బరి పడుతుందో లేదో ముందు వాళ్ళమ్మని అడిగి. పొద్దుతిరుగుడు గింజలు కొందరికి కిత్నియోత్, అందుకే కొబ్బరి అంటున్నాను. గిన్నెకి పేరు రాసి మూతపెట్టి బల్ల మీద అతని దగ్గరే ఉంచండి, ఒకరి గరిటె అందులో పడకుండా.

రోజు సంగతి కూడా చూసుకోండి. 2026లో సేదర్ ఏప్రిల్ 1, 2027లో ఏప్రిల్ 21, రెండూ బుధవారం సాయంత్రాలే కాబట్టి పగలంతా పని చేసుకోవచ్చు. 2025లోలా శనివారం రాత్రి వస్తే మాత్రం విశ్రాంతి దినం పాటించేవాళ్ళు శనివారం దంచడం, కలపడం ఏదీ చేయరు. దంచే పనంతా శుక్రవారం పొద్దు వాలేలోపే ముగించుకుంటే మేలు. అలాంటి ఏడాదికి యాపిల్ రకం వద్దు, ఖర్జూరం ముద్ద ఒక్కటే చేయండి, రెండు రాత్రులైనా చెడదు.

సుధ_ఎడిసన్
చెక్క తీసి చూశాను, కాసియానే. సిలోన్ చెక్క తెప్పిస్తున్నాను. మిగిలితే ఎన్నాళ్ళు ఉంటుంది?

బేగంబజార్_మేవా
ఫ్రిజ్‌లో యాపిల్‌ది రెండు రోజులు, ఆ పైన పుల్లబడుతుంది. ఖర్జూరం ముద్ద పండుగ 8 రోజులూ ఉంటుంది, రోజూ పొద్దున మాట్సా మీద రాసుకోవచ్చు. తడి గరిటె మాత్రం పెట్టొద్దు.

రోలు_పొత్రం
యాపిల్‌ది మూడో రోజుకి మిగిలేలా ఉంటే, అంతకుముందే గిన్నెలో వేసి 10 నిమిషాలు ఉడికించి ఆ ఖర్జూరం ముద్దలో కలిపేయండి.

సుధ_ఎడిసన్
సరేనండి. ఆదివారం ఖర్జూరం కొని, చీల్చి చూసి, ముద్ద మొదలుపెడతాం, వాళ్ళ వంటింట్లోనే. ఇంటావిడ అక్కడికే రమ్మన్నారు, గిన్నెలు తీసి ఉంచుతామన్నారు.